గంప ఎత్తిన వేళే కోడికి పొద్దు
(చలికాలంలో కోళ్లు గుడ్లు ఆపకుండా దీపం వాడుకోవడంపై ఆత్మకూరులో సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకవైపు జూరాల కాలువల కింద వరి కోతలు దగ్గర పడుతున్నాయి. ఇంకోవైపు బుడ్డలు విత్తే పని నడుస్తున్నది. ఇంత పని మధ్యలో కోళ్ల గురించి మాట్లాడటానికి కూర్చోబెట్టారేంది అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మాట చెప్పడానికి ఇదే అదను. డిసెంబరులో గుడ్లు కావాలంటే అక్టోబరులోనే పని మొదలు పెట్టాలి. చలి ముదిరినాక, గూడు ఖాళీగా కనబడినాక చెప్పుకుంటే లాభం లేదు.

ఇంకో కారణం కూడా ఉన్నది. వడ్ల పైసలు ఎవరి చేతికి పోతాయో మీకు తెలుసు. ఎరువుల దుకాణం బాకీ, ట్రాక్టరు కిరాయి, మిత్తి పోగా మిగిలింది ఇంటికి వస్తుంది. గుడ్ల పైసలు అట్ల కాదు. అవి ఇంట్లో ఆడవాళ్ల చేతికి నేరుగా వస్తాయి. పిల్లల పుస్తకాలకు, మందు గోలీలకు, ఉప్పు పప్పుకు ఆ పైసలే ఆసరా. భూమి లేని ఇంట్లో కూడా పది కోళ్లు ఉంటాయి. అందుకే ఇది చిన్న సంగతి కాదు, సంఘం పట్టించుకోవలసిన సంగతే.

మార్కెట్ తీరు ఒకసారి చూడండి. కార్తీకంలో మన దగ్గర చాలా ఇళ్లలో కోడి, గుడ్డు ముట్టరు. ఆ నెల దాటగానే వాడకం మళ్లీ పెరుగుతుంది. ఉత్తరాదిలో చలి పెరిగేకొద్దీ గుడ్లకు అక్కడ గిరాకీ ఎక్కువవుతుంది. అందువల్ల మామూలుగా డిసెంబరు, జనవరి నెలల్లో గుడ్డు రేటు పైకి పోతుంది. సరిగ్గా అప్పుడే మన పెరటి కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. పెద్ద లేయర్ ఫారాల్లో మాత్రం తగ్గవు. 2022-23లో దేశం మొత్తం మీద 13,838 కోట్ల గుడ్లు వస్తే అందులో 12.77 శాతం మన తెలంగాణవే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తర్వాత మూడో స్థానం మనది. ఆ గుడ్లు చలికాలంలోనూ ఆగకుండా రావడానికి మంచి జాతి, మంచి దాణాతో పాటు ఇంకో కారణం షెడ్డులో తెల్లవారుజామున వెలిగే దీపాలు. రేటు బాగున్న నెలలో సొమ్ము పెద్ద ఫారాలకే పోయి, పెరట్లో కోళ్లు పెంచే అక్క మార్కెట్ బయట నిలబడవలసిన అవసరం లేదు. ఆ దీపం ఏమిటో, అది ఎట్ల పని చేస్తుందో, ఎక్కడ పని చేయదో తెలుసుకుందాం.

చలి కాదు, వెలుతురు

చలికి కోడి గుడ్డు పెట్టదని మనం అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. మన ప్రాంతపు చలి కోడిని ఆపేంత చలి కాదు. దానికి ఈకల దుప్పటి ఉన్నది.

1920లలో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త చిన్న పక్షులను ఆరుబయట పంజరాల్లో పెట్టి పరీక్ష చేశాడు. అక్కడి చలి సున్నా డిగ్రీల కంటే ఎంతో దిగువకు పోతుంది. కొన్ని పంజరాల్లో కరెంటు బల్బులు పెట్టి రోజూ కొంచెం కొంచెం వెలుతురు పెంచుతూ పోయాడు. గడ్డ కట్టే చలిలోనే ఆ పక్షుల్లో సంతానోత్పత్తి అవయవాలు వసంతకాలంలో పెరిగినట్టు పెరిగాయి. దీపం లేని పంజరాల్లో పెరగలేదు. పక్షికి కాలం తెలిపేది వేడి కాదు, పగటి నిడివి అని దాంతో తేలింది. 1930లలో ఫ్రాన్సులో జాక్ బెన్వా బాతుల మీద పరీక్షలు చేసి మరో విషయం చూపించాడు. ఆ వెలుతురు కళ్ల గుండానే పోనక్కర లేదు, పుర్రె గుండా నేరుగా మెదడుకు చేరుతుంది.

కోడిలోనూ జరిగేది ఇదే. వెలుతురు పుర్రె దాటి మెదడు అడుగు భాగాన్ని తాకుతుంది. అక్కడి నుంచి హార్మోన్లు విడుదలై రక్తంలో కలిసి అండాశయానికి చేరుతాయి. అప్పుడు పచ్చసొన పెరగడం మొదలవుతుంది. పగలు పొడుగవుతుంటే ‘గుడ్లు పెట్టు, పిల్లలకు మంచి కాలం వస్తున్నది’ అని కోడి ఒంటికి కబురు అందుతుంది. పగలు కురచ అవుతుంటే ‘ఆగు, పాత ఈకలు రాల్చి కొత్త ఈకలు వేసుకో’ అని కబురు. అంటే వెలుతురు కబురు మాత్రమే, మేత కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు దీని మీదికి మళ్లీ వస్తాను.

మన ఊళ్లో పొద్దు లెక్క

పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దు కూడా ఉండదంటారు పెద్దలు. అయితే నిజంగా ఎంత తగ్గుతుంది? ఆత్మకూరులో డిసెంబరు 21 ప్రాంతంలో పొద్దు పొడిచేది ఉదయం 6.40 దాటాక, పొద్దు గూకేది సాయంత్రం 5.50 ప్రాంతంలో. పగలు మొత్తం 11 గంటల 8 నిమిషాలు. జూన్ 21 ప్రాంతంలో 13 గంటల 6 నిమిషాలు. ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య తేడా రెండు గంటలు. లండన్‌లో అయితే డిసెంబరు పగలు 8 గంటలు కూడా ఉండదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, మన చలికాలపు చీకటి పెద్ద చీకటి కాదు. రెండోది, బాగా గుడ్లు పెట్టే జాతి కోడికి రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. ఆ 14 గంటల పగలు మన ఊళ్లో నడి ఎండాకాలంలో కూడా ఉండదు. కాబట్టి దీపం పెట్టదలచుకుంటే అది ఒక్క చలికాలం పని కాదు.

ఇంతకంటే ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉన్నది. సూర్యుడు ఎప్పుడు వచ్చాడన్నది కోడికి అనవసరం. గంప ఎత్తింది ఎప్పుడు, గూడు తలుపు తీసింది ఎప్పుడు అన్నదే దానికి పొద్దు. చలికాలంలో మనం ఏం చేస్తాం? ఇంటి పని, పాలు, వంట అన్నీ అయ్యాక ఎనిమిదింటికి గంప ఎత్తుతాం. సాయంత్రం పిల్లి భయానికి ఐదున్నరకే మూసేస్తాం. అంటే ఆ కోడికి పగలు తొమ్మిదిన్నర గంటలే. సూర్యుడు తగ్గించింది గంట, రెండు గంటలైతే మనం తగ్గించింది ఇంకో గంటన్నర. దీనికి తోడు చలి గాలి తగలకూడదని గూటి చుట్టూ గోనె సంచులు కడతాం. పగలు కూడా లోపల మసక చీకటే. గాలి ఆడక రెట్ట ఘాటు ఎక్కువై కోళ్లకు దగ్గు, జలుబు కూడా అందుకుంటాయి.

అందుకని ఒక్క పైసా ఖర్చు లేని మొదటి పని ఇది. వెలుతురు రాగానే గూడు తీయండి, పొద్దు గూకినాకే మూయండి. గోనె సంచులను రాత్రి మాత్రమే దించండి, పొద్దున్నే ఎత్తి కట్టండి. అప్పుడు కూడా పైభాగంలో జానెడు సందు ఎప్పుడూ తెరిచే ఉంచండి. గూట్లో కిటికీ లేకపోతే తూర్పు వైపు జాలీ పెట్టించండి. బల్బు కొనే ముందు ఈ పని చేయండి. కొందరికి ఇంతటితోనే తేడా కనిపిస్తుంది.

ఏ కోడికి దీపం?

అన్ని కోళ్లకూ దీపం ఒకే రకంగా పని చేయదు. ముందు మీ దగ్గర ఉన్నది ఏ కోడి అని అడగాలి.

మన ఊరి నాటు కోడి సంగతి చూద్దాం. అది 12, 15 గుడ్లు పెడుతుంది, తర్వాత పొదుగుకు కూర్చుంటుంది. పొదగడం 21 రోజులు. ఆ తర్వాత పిల్లలను వెంటేసుకొని రెండు మూడు నెలలు తిరుగుతుంది. మళ్లీ గుడ్లకు వస్తుంది. ఏడాదికి ఇట్లా మూడు నాలుగు విడతలు. అందుకే దాని లెక్క 50, 60 గుడ్ల దగ్గర ఆగుతుంది. దాన్ని ఆపుతున్నది ముఖ్యంగా చీకటి కాదు, పొదుగు. నాటు కోడి గూట్లో రాత్రంతా దీపం పెట్టినా ఈ తీరు మారదు. దాని నుంచి ఇంకో విడత గుడ్లు కావాలంటే పిల్లలను ముందుగా తల్లి నుంచి వేరు చేసి బుట్టలో వెచ్చగా పెంచుకోవాలి. లేదా రెండు మూడు కోళ్లు పొదుగుకు వచ్చినప్పుడు గుడ్లన్నీ ఒకదాని కింద పెట్టి మిగతా వాటిని లేపాలి. నాటు కోడిని గుడ్లకన్నా పిల్లలకూ మాంసానికీ పెంచుకుంటేనే లాభం. దానికి దీపం ఖర్చు పెట్టవద్దనే చెబుతాను.

రెండో రకం, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ వంటివి. వనరాజా గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది. గ్రామప్రియను ముఖ్యంగా గుడ్ల కోసం తయారు చేశారు. బాగా చూసుకుంటే పెరట్లోనే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. ఈ జాతులు పొదుగుకు కూర్చోవడం చాలా తక్కువ. వీటికి దీపం బాగా పని చేస్తుంది. మీలో గ్రామప్రియ పెంచుతున్న వాళ్లు ఈ మాటలు ముఖ్యంగా వినాలి.

మూడో రకం, వందల, వేల కోళ్లతో లేయర్ షెడ్డు నడిపే వాళ్లు. వాళ్లకు 16 గంటల వెలుతురు మామూలే. వాళ్ల బాధ దీపం గురించి కాదు, కరెంటు గురించి, దాణా గురించి. దాన్ని చివర్లో మాట్లాడుకుందాం.

కోడి వయసు కూడా చూడాలి. రెండేళ్లు దాటిన కోడి ఎట్లాగూ తగ్గుతుంది. దీపం దాన్ని మళ్లీ పడుచు కోడిని చేయదు. 18 వారాలు కూడా నిండని పెట్టలకు దీపం పెంచితే అసలుకే మోసం. ఒళ్లు ఎదగక ముందే గుడ్డుకు వస్తాయి. గుడ్లు చిన్నవవుతాయి, గుడ్డు పెట్టేటప్పుడు గుదం బయటికి వచ్చి చచ్చిపోవచ్చు. సూత్రం సులువైనదే. ఎదిగే కోడికి వెలుతురు పెంచకూడదు, గుడ్డు పెట్టే కోడికి వెలుతురు తగ్గించకూడదు.

పిల్లలను ఏ నెలలో తెచ్చుకున్నామనేది కూడా ఇందులో ఉన్నది. జూన్, జూలైలో తెచ్చిన పిల్లలు పగలు తగ్గే కాలంలో ఎదుగుతాయి, ఒళ్లు బాగా కడతాయి. నవంబరు, డిసెంబరుకు గుడ్డు వయసుకు వస్తాయి. అప్పుడు దీపం అందిస్తే రేటు బాగున్న నెలల్లో గుడ్లు చేతికొస్తాయి. డిసెంబరు, జనవరిలో తెచ్చిన పిల్లలు పగలు పెరిగే కాలంలో ఎదుగుతాయి కాబట్టి ముందే గుడ్డుకు వచ్చే ప్రమాదం ఉన్నది. వాటిని మిగతా కోళ్ల దీపం కింద ఉంచకండి.

ఎట్లా పెట్టాలి

ఇప్పుడు పద్ధతి చెబుతాను, రాసుకోండి.

దీపం సాయంత్రం కాదు, తెల్లవారుజామున పెట్టండి. కోడికి చీకట్లో చూపు ఆనదు. సాయంత్రం దీపం పెట్టి ఒక్కసారి ఆర్పేస్తే దండెం ఎక్కని కోళ్లు నేల మీదే బెదిరిపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి. తెల్లవారుజామున పెడితే దీపం ఆర్పే సమయానికి పగటి వెలుతురు వచ్చేస్తుంది. సాయంత్రం పొద్దు వాలుతుంటే కోళ్లు వాటంతట అవే దండెం ఎక్కుతాయి.

పెరటి కోళ్లకు 14 గంటలు చాలు. లెక్క సాయంత్రం నుంచి వెనక్కి వేయండి. పొద్దు గూకే సమయానికి 14 గంటల ముందు దీపం వెలగాలి. మన దగ్గర నవంబరు, డిసెంబరు నెలల్లో అది తెల్లవారుజామున 3.45 ప్రాంతం. మార్చిలో నాలుగున్నర. జూన్‌లో ఐదింటికి కొంచెం ముందు. పగటి వెలుతురు బాగా వచ్చినాక ఆర్పేయవచ్చు.

ఒక్కరోజులో 14 గంటలకు ఎక్కించకండి. అక్టోబరు నడుమ మన పగలు 11 గంటల 45 నిమిషాల దాకా ఉంటుంది. మొదటి వారం 5.45కు వెలిగించండి. రెండో వారం 5.15కు. మూడో వారం 4.45కు. నాలుగో వారం 4.15కు. ఐదో వారం 3.45కు. నవంబరు మూడో వారానికి పూర్తవుతుంది. ఫలితం రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ రోజు దీపం పెట్టి రేపు గుడ్డు కోసం గూట్లో చేయి పెట్టకండి.

వెలుతురు ఎంత ఉండాలి? 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గూటికి ఏడడుగుల ఎత్తున 5 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి చాలు. దానికి రెట్టింపు జాగా ఉంటే 9 వాట్లది. మేత తొట్టి దగ్గర పేపరు చదవగలిగితే వెలుతురు సరిపోయినట్టే. పసుపు ఛాయ బల్బు మంచిది, ఎందుకంటే ఎరుపు, పసుపు వెలుతురు నీలం కంటే బాగా పుర్రె దాటుతుంది. అంతకంటే ఎక్కువ వెలుగు వద్దు. మిరుమిట్లు గొలిపితే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. రాత్రంతా దీపం ఉంచవద్దు. కోడికి కనీసం 8 గంటల చీకటి, నిద్ర కావాలి.

రోజూ అదే సమయానికి వెలగాలి. మనిషి లేచి స్విచ్ వేయడం నాలుగు రోజులు నడుస్తుంది, ఐదో రోజు నిద్ర పడుతుంది. కాబట్టి టైమరు స్విచ్ పెట్టుకోండి. దాని ధర ఎక్కువ అనుకుంటే నాలుగిళ్ల వాళ్లు కలిసి కోళ్లను ఒక్క షెడ్డులో పెట్టుకోవచ్చు.

దీపం వెలిగేసరికి గూట్లో మేత, నీళ్లు ఉండాలి. చీకట్లో లేపి ఆకలితో నిలబెడితే దీపం పెట్టింది దండుగ. దీపం వెలిగినా తెల్లవారేదాకా తలుపు తీయకండి. ఆ వేళకు పిల్లి, ముంగిస, కుక్క తిరుగుతుంటాయి.

తీగల సంగతి గట్టిగా చెబుతున్నాను. అతుకుల తీగ, తడి గోడ, రేకు కప్పు, ఈ మూడూ కలిస్తే ప్రాణం పోతుంది. గూడు రేకులకు తీగ తగలకుండా పైపులో వేయించండి. స్విచ్ ఇంటి లోపల ఉంచండి. వరిగడ్డికి, గోనె సంచికి ఆనేటట్టు బల్బు కట్టకండి. పొలం మోటారు లైను నుంచి తీగ లాగవద్దు. అది పంపుసెట్టుకు ఇచ్చిన కనెక్షన్. కరెంటు దగ్గరగా లేని గూటికి చిన్న సోలార్ దీపం మేలు.

ఎక్కిన మెట్టు దిగవద్దు

మధ్యలో ఆపితే ఏమవుతుంది? 14 గంటలకు అలవాటైన కోడికి ఒక వారం దీపం లేకపోతే పగలు ఒక్కసారిగా మూడు గంటలు తగ్గినట్టు. దాని ఒంటికి ‘ఆగు’ అనే కబురు పోతుంది. గుడ్లు పడిపోతాయి, కొన్ని ఈకలు రాల్చడం మొదలు పెడతాయి. దీపమే పెట్టని కోళ్ల కంటే అప్పుడు నష్టం ఎక్కువ. అందుకే నిలబెట్టుకోగలిగితేనే మొదలు పెట్టండి. ఆపాలనుకుంటే మెట్టు ఎక్కినట్టే వారానికి అరగంట చొప్పున దిగండి. ముసలి కోళ్లను అమ్మేసేటప్పుడు ఆపడం అన్నింటికన్నా మేలు.

కోడికి విశ్రాంతి ఇవ్వకుండా గుడ్లు పిండుకోవడం పాపం కాదా అని కొందరు అక్కలు అడుగుతారు. మంచి ప్రశ్న. కోడి అండాశయంలో వేల కొద్దీ చిన్న అండాలు పుట్టుకతోనే ఉంటాయి. దీపం వల్ల అవి అయిపోవు. కానీ ఒళ్లు అరిగిపోతుంది, మేత సరిగా లేకపోతే. ఈకలు రాలుస్తున్న కోడిని బలవంతంగా ఆపకండి. దాన్ని పూర్తిగా రాల్చుకోనివ్వండి. ఈకంటే దాదాపు మాంసకృత్తే, కొత్త ఈకలకు దానికి మంచి మేత కావాలి. జాతి నిలబెట్టడానికి దాచుకున్న మంచి పెట్టలు ఉంటే వాటిని దీపం లేకుండా వేరుగా ఉంచండి. అది మీ నిర్ణయం.

కబురుతో కడుపు నిండదు

వెలుతురు కబురే కానీ మేత కాదన్నాను కదా. అసలు సంగతి ఇక్కడ ఉన్నది. ఒక గుడ్డులో 6, 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెంకులో సుమారు 2 గ్రాముల క్యాల్షియం ఉంటుంది. ఆ పెంకు తయారవడానికే కోడి కడుపులో 20 గంటలు పడుతుంది. ఇవన్నీ మేత నుంచే రావాలి. ఒట్టి నూకలు, వడ్లు వేసి దీపం పెడితే కోడి తన ఎముకల్లోని సున్నం కరిగించి పెంకు కడుతుంది. కొన్నాళ్లకు పెంకు పల్చబడుతుంది, కాళ్లు పడిపోతాయి, చివరికి కోడే పోతుంది.

గుడ్డు పెట్టే మేలు జాతి కోడి రోజుకు 110 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. బయట తిరిగే కోడి కొంత తానే ఏరుకుంటుంది, మిగతాది మనం వేయాలి. మన దగ్గర మక్కలు, జొన్నలు, నూకలు, తవుడు ఉన్నాయి. వాటికి మాంసకృత్తుల కోసం పల్లి చెక్కో సోయా చెక్కో కలపండి. పల్లి చెక్క బూజు పట్టి ఉంటే మాత్రం వేయవద్దు. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. పెంట మీది పురుగులు, చెదలు, మునగాకు, అజొల్లా ఏది దొరికినా మంచిదే. సున్నం కోసం గవ్వల పొడో ఆల్చిప్పల పొడో విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. నీళ్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి.

కొక్కెర తెగులు టీకా వేయించకుండా దీపానికి పెట్టుబడి పెట్టకండి. తెగులు వస్తే ఒక్క వారంలో గూడు ఊడ్చుకుపోతుంది. టీకా, నట్టల మందు, మేత, గూడు తలుపు, ఆ తర్వాతే బల్బు. వరుస ఇది. గుడ్లు ఒక్కసారిగా ఆగిపోయి కోళ్లు ముడుచుకొని కూర్చుంటే అది వెలుతురు సంగతి కాదు. పశువైద్యశాలకు పోండి.

ఖర్చు లెక్క చూద్దాం. 9 వాట్ల బల్బు రోజుకు మూడు గంటలు వెలిగితే నెలకు ఒక యూనిట్ కూడా కాదు. 20 గ్రామప్రియ కోళ్లు ఉన్నాయనుకుందాం. దీపం లేకుండా రోజుకు 8 గుడ్లు, దీపంతో 11 గుడ్లు వచ్చాయనుకుందాం. నెలకు 90 గుడ్లు ఎక్కువ. గుడ్డు 8 రూపాయలనుకుంటే 720. అదనపు మేతకు 200 తీసేయండి, కరెంటుకు 10 తీసేయండి. 510 రూపాయలు మిగులుతాయి. ఇది లెక్క కోసం చెప్పిన ఉదాహరణే. మీ కోడి, మీ మేత, మీ అంగడి రేటు పెట్టి మీరే వేసుకోండి. ఖర్చంతా మేతలోనే ఉన్నదనీ, కరెంటుకు పోయేది చాలా తక్కువనీ ఇందులో మీకు కనబడుతుంది.

కాబట్టి ‘గుడ్ల దీపం’ అనో, ‘గుడ్ల టానిక్’ అనో ఎవరైనా వందలకు వందలు అడిగితే కొనకండి. కిరాణా దుకాణంలో దొరికే మామూలు బల్బు చేసే పనే అదీ చేస్తుంది. కోడికి బల్బు మీది పేరుతో పని లేదు.

సంఘం చేయవలసిన పని

ఇంటి పని ఇంట్లో చేసుకుంటాం. కానీ కొన్ని ఇంట్లో అయ్యేవి కావు, కలిసి అడగాలి.

మొదటిది, తెల్లవారుజాము కరెంటు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో పంపుసెట్లకు 24 గంటల ఉచిత కరెంటు అని ప్రకటించారు. కోళ్ల గూటికి కావలసింది ఒక్క బల్బు కరెంటు, కానీ రోజూ అదే వేళకు తప్పకుండా కావాలి. మరమ్మతుల కోసం తీసే కరెంటును తెల్లవారుజాము 4 నుంచి 7 మధ్య తీయవద్దని ఊరూరి నుంచి వినతిపత్రం ఇద్దాం. చిన్న లేయర్ షెడ్డులున్న వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

రెండోది, చిన్న కోళ్ల పెంపకాన్ని వ్యవసాయంగానే చూడాలి. పంట వేసేది, పాలు పిండేది, కోడి పెంచేది ఒకే కుటుంబం. చిన్న షెడ్డులకు కరెంటు చార్జీ ఆ లెక్కనే ఉండాలి.

మూడోది, పిల్లలు. గ్రామప్రియ, వనరాజా పిల్లలు జూన్, జూలైలో మన మండలాల్లో దొరకాలి. అదను దాటి చలికాలంలో ఇస్తే ఆ పిల్లలు పగలు పెరిగే కాలంలో ఎదుగుతాయని ఇందాకే చెప్పుకున్నాం. పశుసంవర్ధక శాఖను, మన పక్కనే మదనాపురంలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాన్ని ముందుగానే అడుగుదాం. టీకాలు కూడా ఊళ్లోకే తెచ్చి ఒక్కరోజు అన్ని కోళ్లకూ వేయాలి. ఒక్క ఇల్లు వదిలేసినా తెగులు ఊరంతా తిరుగుతుంది.

నాలుగోది, అమ్మకం. గుడ్డు రేటు ప్రకటించే నెక్ 1982లో ఏర్పడింది. దళారులు చెప్పిందే రేటుగా నడిచిన రోజుల్లో గుడ్డు రైతులే కలిసి రేటు చెప్పుకోవాలన్నది దాని వెనుక ఉన్న మాట. పెరటి కోళ్ల వాళ్లం మాత్రం ఇప్పటికీ ఎవరికి వాళ్లమే. మహిళా సంఘాలు గుడ్లు ఒక చోట చేర్చి అమ్మితే పది మంది గుడ్లు ఒక బేరం అవుతుంది. అంగన్‌వాడీలకు, బడులకు కొనే గుడ్లలో కొన్ని మన ఊరి కోళ్లవే ఉండాలని అడగడం న్యాయమే. మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఆ గుడ్లు పెట్టే కోడి మన గూట్లో ఉన్నది. ముందు మన పిల్లల పళ్లెంలో పడాలి, మిగిలింది అంగడికి పోవాలి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. రేపటి నుంచి రోజూ ఎన్ని గుడ్లు వచ్చాయో గోడ మీద క్యాలెండరులో రాయండి. దాని పక్కన గూడు తీసిన వేళ, మూసిన వేళ రాయండి. దీపం పెట్టిన వాళ్లు ఏ రోజు మొదలు పెట్టారో, ఏ రోజు కరెంటు పోయిందో అది కూడా రాయండి. దీపం పెట్టని వాళ్లూ రాయండి, వాళ్ల లెక్క లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. సంక్రాంతి తర్వాత జరిగే సమావేశానికి ఆ క్యాలెండర్లు తీసుకొని రండి. ఏ కోడికి లాభమైంది, ఎవరికి కాలేదు, ఎందుకు కాలేదు అని కలిసి చూద్దాం. కరెంటు ఆఫీసుకు ఇచ్చే వినతిపత్రానికి కూడా ఆ తారీఖులే జత చేద్దాం. నోటి మాటను పక్కన పెడతారు కానీ, ముప్పై ఇళ్ల రాత లెక్కను పక్కన పెట్టడం అంత సులువు కాదు.